క్రాపీ ఫిషింగ్: అదే జాతి.. అదే వయసు.. ఒక లేక్‌లో అరచేతంత, ఇంకో లేక్‌లో కంచమంత! ఈ తేడా ఎక్కడ్నుంచి వస్తోందో తెలుసా?

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం.. గ్రెనాడా లేక్. మార్చి నెల వచ్చిందంటే చాలు, ఇక్కడి ఫిషింగ్ వీడియోలు యూట్యూబ్‌లో, రీల్స్‌లో వరుస కట్టేస్తాయి. బురద రంగు నీళ్లలో ఒక పడవ. దాని ముందు సాలీడు కాళ్లలా పరిచిన పొడవాటి గాలపు కర్రలు. ఇంతలో ఒక కర్ర వంగుతుంది. వెండి రంగులో మెరిసే వెడల్పాటి చేప పైకి వస్తుంది. రెండు చేతులతో పట్టుకుంటే గానీ ఆగదు. పడవలో కేకలే కేకలు!

అదే అమెరికాలో, ఏ రైతు పొలంలోనో ఉన్న కుంట దగ్గర అదే ఎరతో గాలం వేసి చూడండి. చేపలు పడతాయి. నిజానికి గ్రెనాడా కన్నా వేగంగా పడతాయి. వేసిన ప్రతిసారీ ఒకటి. కానీ అన్నీ ఆరంగుళాలు, ఏడంగుళాలే. వంద గ్రాములు కూడా తూగవు. 'పాపం, పిల్ల చేపలు.. పెరగనిద్దాం' అని నీళ్లలో వదిలేస్తారు చాలామంది.

అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. వాటిలో చాలావరకు పిల్లలు కావు. నాలుగైదేళ్ల వయసున్న ముదురు చేపలు. గ్రెనాడాలో ఆ వయసు చేప ముప్పాతిక కిలో దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు. మరి ఈ కుంటలోని చేపకు ఏమైంది?

ఇంతకీ ఈ క్రాపీ ఏంటి?

క్రాపీ అనేది ఉత్తర అమెరికా మంచినీటి చేప. సన్‌ఫిష్ కుటుంబానికి చెందింది. ఇందులో వైట్ క్రాపీ, బ్లాక్ క్రాపీ అని రెండు జాతులున్నాయి. వైట్ క్రాపీ ఒంటిపై నిలువు చారలుంటాయి, బురద నీళ్లలోనూ హాయిగా బతికేస్తుంది. బ్లాక్ క్రాపీకి చల్లినట్టు నల్ల మచ్చలుంటాయి, తేట నీళ్లు, నాచు, మొక్కలు ఉండే చోటు దానికి ఇష్టం. రంగు చూసి మోసపోతారు కాబట్టి తెలిసినవాళ్లు వీపు ముళ్లు లెక్కపెడతారు. ఐదారుంటే వైట్, ఏడెనిమిదుంటే బ్లాక్.

తెల్లటి మెత్తని మాంసం, వాసన తక్కువ. అందుకే పట్టినదాన్ని ఫొటో తీసుకుని వదిలేయడం కంటే ఇంటికి తెచ్చి వేయించుకునేవాళ్లే ఎక్కువ. పెద్ద క్రాపీని అక్కడివాళ్లు 'స్లాబ్' అంటారు. మనకు స్లాబ్ అంటే ఇంటి పైకప్పు గుర్తొస్తుంది గానీ, అక్కడి గాలం బ్యాచ్‌కి ఆ మాట వింటేనే నోరూరుతుంది.

సైజు గురించి ఒక లెక్క చూద్దాం. పది అంగుళాల క్రాపీ దాదాపు పావు కిలో ఉంటుంది. పన్నెండు అంగుళాలకు వస్తే 450 గ్రాముల దాకా వెళ్తుంది. పదిహేనుకు చేరితే కిలోకు కాస్త తక్కువ. అంటే పొడవు ఒకటిన్నర రెట్లు పెరిగితే బరువు దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. రెండంగుళాల తేడా కోసం అక్కడి లేకుల్లో అంత పట్టింపు ఎందుకో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

చేప వయసు ఎలా చెబుతారు?

చేప తల లోపల, చెవి భాగంలో చిన్న రాయి లాంటి ఎముక ఉంటుంది. పేరు ఓటోలిత్. చెట్టు మొద్దును కోస్తే వలయాలు కనిపించినట్టే దీన్ని కోసి మైక్రోస్కోప్ కింద పెడితే ఏడాదికో గీత కనిపిస్తుంది. శరదృతువులో వలలు పెట్టి చేపలు పట్టడం, కొన్నింటి ఓటోలిత్ తీసి చూడటం, పొడవును వయసుతో పోల్చడం.. మత్స్య శాస్త్రవేత్తలు చేసేది ఇదే. ఈ పరీక్ష చేయనంత వరకు ఏడంగుళాల చేప ఏడాది పిల్లో, ఐదేళ్ల ముదురో చూసి చెప్పడం కష్టం. ఒక లేక్ ఆరోగ్యంగా ఉందా లేదా అన్నది ఆ చిన్న రాయి చెబుతుంది.

గిడసబారడం.. మన ఆక్వా రైతులకు బాగా తెలిసిన విద్యే!

చేపకూ మనిషికీ పెద్ద తేడా ఉంది. తిండి తక్కువైతే ఎదిగిన మనిషి చిక్కిపోతాడు, ఎత్తు మాత్రం తగ్గడు. చేప అలా కాదు. తిండి తగ్గితే పెరగడమే ఆపేస్తుంది. ఆ చిన్న ఒంటితోనే ఏళ్ల తరబడి బతికేస్తుంది, పెద్దదవుతుంది, గుడ్లు కూడా పెడుతుంది.

కృష్ణా, పశ్చిమ గోదావరి వైపు, కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులున్న రైతులకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్లు దీన్ని కావాలనే చేస్తారు. రోహు, బొచ్చె పిల్లలను చిన్న చెరువులో కిక్కిరిసేలా వేసి, మేత తగ్గించి, దాదాపు ఏడాది పాటు పెరగనివ్వకుండా ఆపుతారు. ఆ తర్వాత వాటిని పెద్ద చెరువులో పలచగా వదిలి మేత పెడితే ఒక్కసారిగా ఎదుగుతాయి. అంటే అక్కడ ఆగిపోయిన ఎదుగుదలకు కారణం జాతి కాదు, రక్తం కాదు. ఎన్ని నోళ్లు ఉన్నాయి, ఎంత తిండి ఉంది.. అంతే.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. రోహు, బొచ్చె నిలిచిన చెరువు నీళ్లలో మామూలుగా పిల్లలు పెట్టవు. పారే నదో, హ్యాచరీయో కావాలి. కాబట్టి చెరువులో ఎన్ని చేపలు ఉండాలో రైతే నిర్ణయిస్తాడు. క్రాపీ విషయంలో ఆ తాళం చెవి మనిషి చేతిలో లేదు. అది ఉన్న చోటే గుడ్లు పెట్టేస్తుంది. వసంతంలో నీళ్లు 16 నుంచి 20 డిగ్రీల వేడికి రాగానే మగ చేప ఒడ్డు దగ్గర లోతు తక్కువున్న చోట గూడు తయారు చేసి కాపలా కాస్తుంది. ఒక ఆడ చేప వేల గుడ్లు పెడుతుంది. పెద్దదైతే లక్ష కూడా దాటుతాయి. మన చెరువుల్లో తిలాపియా చేసే పని ఇదే. కొన్నిచోట్ల జిలేబి చేప అంటారు దాన్ని. ఒక్కసారి చెరువులో పడిందంటే నాలుగు వేళ్ల సైజులో చెరువంతా అదే ఉంటుంది.

అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాల వైల్డ్‌లైఫ్ విభాగాలు చిన్న కుంటల్లో క్రాపీని వదలొద్దనే సలహా ఇస్తాయి. 'పోనీలే, నాలుగు వేస్తే ఏమవుతుంది' అని వేసినవాళ్లు మూడేళ్ల తర్వాత తల పట్టుకుంటారు. ఎందుకంటే అవి పెరగకపోగా, అదే కుంటలోని బాస్ చేప పిల్లల తిండినీ లాగేసుకుంటాయి.

కానీ చిన్న నీళ్లలో పెద్ద క్రాపీ రానే రాదా? వస్తుంది! బ్లాక్ క్రాపీ ప్రపంచ రికార్డు 2018 మే నెలలో టెనెసీ రాష్ట్రంలోని ఒక చిన్న చెరువులోనే నమోదైంది. బరువు 5 పౌండ్ల 7 ఔన్సులు, అంటే దాదాపు రెండున్నర కిలోలు. కాబట్టి సమస్య చెరువు సైజులో లేదు, అందులోని నోళ్ల సంఖ్యలో ఉంది. ఆ సంఖ్యను అదుపులో పెట్టేది ఎక్కువగా బాస్ చేపలే. కుంటలో మధ్య సైజు లార్జ్‌మౌత్ బాస్ గుంపుగా ఉంటే క్రాపీ పిల్లలను ఎప్పటికప్పుడు తినేస్తాయి. మిగిలిన కొద్ది క్రాపీలకు తిండి దండిగా దొరుకుతుంది. అందుకే పెద్ద క్రాపీ కావాలనుకునే కుంట యజమాని తన బాస్ చేపలు చిన్నగా, ఆకలిగా ఉన్నా సర్దుకుపోవాలి. రెండూ పెద్దవే కావాలంటే కుదరదు. ఇందుకు మరో దారి కూడా ఉంది. మిసిసిపీ రాష్ట్ర హ్యాచరీలో 'మాగ్నోలియా క్రాపీ' అనే సంకరాన్ని తయారు చేస్తున్నారు. దానికి సంతానం కలగదు. అంటే మన రోహు చెరువులాగా, ఎన్ని వదిలితే అన్నే.

ఆరంగుళాల దగ్గర వచ్చే చిక్కు

పెద్ద లేకుల్లో కథ వేరే. అక్కడ అసలు ప్రశ్న.. తిండి ఉందా అని కాదు, నోటికి పట్టే తిండి ఉందా అని.

పుట్టిన కొత్తలో క్రాపీ పిల్ల ప్లాంక్టన్ తింటుంది. నీళ్లలో తేలే సూక్ష్మజీవులు. తర్వాత పురుగులు. ఆరంగుళాల దగ్గరికి వచ్చాక చిన్న చేపలను మింగడం మొదలుపెట్టాలి. ఆ మలుపు తిరిగిన చేప దూసుకుపోతుంది. తిరగలేనిది ప్లాంక్టన్‌తోనే కడుపు నింపుకుంటూ అక్కడే ఉండిపోతుంది. క్రాపీ మొప్పల్లో జల్లెడ లాంటి పొడవాటి పళ్లుంటాయి కాబట్టి పెద్దయ్యాక కూడా ప్లాంక్టన్‌తో బతకగలదు. కానీ బతకడం వేరు, పెరగడం వేరు.

ఆ మలుపు దగ్గర ఆదుకునే చేప పేరు షాడ్. ఇందులోనూ రెండు రకాలు. గిజార్డ్ షాడ్ వేగంగా పెరుగుతుంది. కొద్ది నెలల్లోనే క్రాపీ నోట్లో పట్టనంత అయిపోతుంది. లేక్ నిండా షాడ్ ఉన్నా క్రాపీ ఆకలితో ఉండటం అంటే ఇదే. విందు భోజనం కళ్ల ముందే ఉంది, ముద్ద మాత్రం నోట్లో పట్టదు! థ్రెడ్‌ఫిన్ షాడ్ అలా కాదు. ఎప్పటికీ చిన్నగానే ఉంటుంది, సీజన్‌లో మళ్లీ మళ్లీ పిల్లలు పెడుతుంది. కాకపోతే చలికి తట్టుకోలేదు. నీళ్లు బాగా చల్లబడితే గుంపులు గుంపులుగా చచ్చిపోతుంది. పెద్ద క్రాపీకి పేరున్న రిజర్వాయర్లు దక్షిణాదిలో అన్ని ఉండటానికి ఇదొక కారణం. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లు వెచ్చగా ఉండటం, చేప మేసే రోజులు ఎక్కువ కావడం ఇంకో కారణం.

వరదల కోసం కట్టిన డ్యామ్‌లు.. చేపలకు వరమయ్యాయి

ఇప్పుడు మళ్లీ గ్రెనాడాకు వద్దాం. దీని కథ 1927తో మొదలవుతుంది. ఆ ఏడాది మిసిసిపీ నదికి వచ్చిన మహా వరద లక్షల మందిని నిరాశ్రయులను చేసింది. ఆ తర్వాత వరదను కొండల దగ్గరే ఆపేందుకు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ ఉత్తర మిసిసిపీలో నాలుగు డ్యామ్‌లు కట్టింది. సార్డిస్ 1940లో, అర్కబట్ల 1943లో, ఈనిడ్ 1952లో, గ్రెనాడా 1954లో పూర్తయ్యాయి. చేపల గురించి అప్పుడు ఎవరూ పెద్దగా ఆలోచించి ఉండరు.

కానీ వరద డ్యామ్ పనితీరే క్రాపీకి కలిసొచ్చింది. వర్షాకాలపు నీళ్లను పట్టడానికి జాగా కావాలి కాబట్టి ఏటా శరదృతువులో గేట్లు ఎత్తి లేక్‌ను ఖాళీ చేస్తారు. వేసవిలో దాదాపు 35 వేల ఎకరాలు పరుచుకునే గ్రెనాడా, చలికాలానికి అందులో మూడో వంతు కంటే తక్కువకు కుంచించుకుపోతుంది. అప్పటివరకు గడ్డిలో, పొదల్లో దాక్కున్న చిన్న షాడ్ గుంపులకు దాగే చోటు పోతుంది. క్రాపీకి పండగే పండగ. మరోవైపు బయటపడిన వేల ఎకరాల బురద నేలపై గడ్డి, కలుపు మొలుస్తుంది. ఇక్కడిది గాలి మోసుకొచ్చి పేర్చిన మెత్తని సారవంతమైన మట్టి. వసంతంలో వానలకు లేక్ నిండినప్పుడు ఆ పచ్చిక అంతా నీళ్లలో మునిగి కుళ్లుతుంది. కుళ్లితే ప్లాంక్టన్, ప్లాంక్టన్ ఉంటే షాడ్, షాడ్ ఉంటే స్లాబ్! అదే మునిగిన గడ్డి క్రాపీ పిల్లలకు దాక్కునే చోటు కూడా. ఎండగట్టి, దున్ని, మళ్లీ నీళ్లు పెట్టిన చెరువు ఎలా మేత పుట్టిస్తుందో తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

వైట్ క్రాపీ ప్రపంచ రికార్డు కూడా ఈ నాలుగు డ్యామ్‌ల కుటుంబానిదే. 1957 జులైలో ఈనిడ్ డ్యామ్ దగ్గర పడిన ఆ చేప 5 పౌండ్ల 3 ఔన్సులు, అంటే 2.35 కిలోలు. సోనార్లు, జీపీఎస్‌లు లేని కాలం నాటి రికార్డును ఇన్ని గాడ్జెట్లు వచ్చాక కూడా ఎవరూ కొట్టలేకపోయారు.

అయితే ప్రతి ఏడాదీ ఇలాగే ఉంటుందా అంటే.. లేదు. వసంతంలో నీళ్లు నిండుగా ఉన్న ఏడాది పిల్లలు విపరీతంగా బతుకుతాయి. కరువు ఏడాదిలో గుడ్లు పెట్టే ఒడ్డే ఎండిపోతుంది. కాబట్టి క్రాపీ లేక్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒక మంచి వాన ఏడాది ఫలితం మూడేళ్ల తర్వాత పడవలో కనిపిస్తుంది. ఒక చెడ్డ ఏడాది ఫలితం కూడా అంతే. ఒక్కోసారి బలమైన బ్యాచ్ ఒకటి పుట్టి లేక్‌నంతా ఆక్రమిస్తే, ఆ తర్వాత పుట్టినవాటికి తిండి మిగలదు. 'పోయినేడు బంగారం, ఈ ఏడు ఇసుక' అని లోకల్ గైడ్‌లను తిట్టుకునేవాళ్లకు చాలాసార్లు అసలు కారణం మూడేళ్ల కిందటి వాన అని తెలియదు.

చిన్నదాన్ని వదిలేయాలా? వద్దా?

ఇక్కడే మంచి మనసున్నవాళ్లు కూడా తప్పులో కాలేస్తారు.

గ్రెనాడాతో పాటు ఆ నాలుగు లేకుల్లోనూ పన్నెండు అంగుళాల కంటే చిన్న క్రాపీని ఉంచుకోకూడదనే రూల్ ఉంది. అక్కడ ఇది పనిచేస్తుంది. ఎందుకంటే ఈరోజు పదకొండు అంగుళాలున్న చేపకు తిండి ఉంది, కొన్ని నెలల్లో పన్నెండు దాటుతుంది. వదిలిన చేప బరువు పెంచుకుని తిరిగొస్తుంది. బ్యాంకులో వేసిన డిపాజిట్ లాంటిది.

అదే రూల్‌ను కిక్కిరిసిన లేక్‌లో పెడితే? ఏడంగుళాల చేప ఎప్పటికీ పదికి రాదు. అది వయసు మీద పడి చచ్చేదాకా తింటూనే ఉంటుంది, పక్కదాని తిండి కూడా తింటుంది. క్రాపీ ఆయుష్షే తక్కువ. చాలా లేకుల్లో ఏడెనిమిదేళ్లు దాటినవి అరుదు. అలాంటి చోట 'పెరగనిద్దాం' అని వదిలిన ప్రతి చేపా మిగతావాటి ఎదుగుదలను ఇంకాస్త ఆపుతుంది. అక్కడ చేయాల్సింది చిన్నవాటిని ఇంటికి తెచ్చుకోవడం, పెద్దదొకటి పడితే దాన్ని నీళ్లలో వదలడం. వినడానికి తిరకాసుగా ఉన్నా జీవశాస్త్రం చెప్పేది ఇదే.

పెద్దవాటికి ఇప్పుడు కొత్త ముప్పు కూడా వచ్చింది. పడవ ముందు నీళ్లలో చేప ఎక్కడుందో, ఎటు కదులుతోందో వీడియోలా చూపించే లైవ్ సోనార్. 2018 నుంచి ఇది మామూలు ఫిషర్‌మెన్ చేతికీ వచ్చింది. ఇంతకుముందు పొద దగ్గర ఎర వేసి అదృష్టం చూసుకునేవాళ్లు. ఇప్పుడు స్క్రీన్‌పై పెద్ద చుక్కను వెతికి, దాని ముక్కు ముందే ఎర దించుతున్నారు. లోతు నీళ్లలో ఒంటరిగా తిరిగే ముసలి స్లాబ్‌లకు దాక్కునే చోటు లేకుండా పోయింది. ఇది న్యాయమేనా అన్న గొడవ అమెరికా ఫిషింగ్ ప్రపంచంలో ఇంకా తెగలేదు. గ్రెనాడా లాంటి చోట పెద్ద చేప అంటే మోటెళ్లు, గైడ్‌లు, ఎర దుకాణాల బతుకుతెరువు కూడా.

డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లు ఈ ఒక్క రూల్ గుర్తుంచుకోవాలి!

డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వీకెండ్‌కు పిల్లలతో కలిసి గాలం పట్టేవాళ్లూ ఉన్నారు. టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవారికి ఫిషింగ్ లైసెన్స్ తప్పనిసరి. స్టేట్ పార్క్ లోపల ఒడ్డు మీద నుంచి పట్టేవాళ్లకు మాత్రం అక్కర్లేదు. క్రాపీకి రాష్ట్రమంతటా ఉండే మామూలు రూల్.. పది అంగుళాలకు తక్కువైతే వదిలేయాలి, రోజుకు 25కు మించకూడదు.

కానీ డాలస్‌కు తూర్పున, కారులో గంటన్నర దూరంలో ఉన్న లేక్ ఫోర్క్‌లో చలికాలం రాగానే ఈ రూల్ తలకిందులవుతుంది. డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు అక్కడ సైజు లిమిట్ లేదు. పైగా పడిన ప్రతి క్రాపీనీ ఉంచుకోవాల్సిందే! ఏళ్లుగా అమల్లో ఉన్న ఈ రూల్ తెలియక, 'అయ్యో చిన్నది' అని వదిలేస్తే అదే తప్పవుతుంది.

ఎందుకిలా? చలికి క్రాపీ బాగా లోతుకు దిగిపోతుంది. అక్కడ్నుంచి ఒక్కసారిగా పైకి లాగితే దాని ఒంట్లోని గాలితిత్తి ఉబ్బిపోతుంది. కళ్లు బయటకు పొడుచుకొస్తాయి, పొట్ట తిత్తిలా అవుతుంది. వదిలినా మళ్లీ కిందకు వెళ్లలేక పైనే తేలుతూ చచ్చిపోతుంది. చచ్చే చేపను వదిలి, పెద్దదాని కోసం ఇంకో యాభై పైకి లాగేవాళ్ల వల్లే లేక్‌కు ఎక్కువ నష్టం. కాబట్టి పడ్డది చిన్నదైనా, పెద్దదైనా బుట్టలోకే. రూల్స్ ఏటా మారొచ్చు కాబట్టి బయల్దేరే ముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఒకసారి చూసుకోవాలి. ఆ మూడు నెలల్లో అక్కడికి వెళ్లేవాళ్లు లెక్క పెట్టుకుంటూ పట్టాలి. ఇరవై ఐదోది పడవలో పడగానే గాలం చుట్టేయాల్సిందే.. అప్పటికి టైమ్ ఉదయం తొమ్మిదే అయినా సరే.